కరెంటు పోయే దారి

పొద్దున బాగానే నడుస్తుంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆగిపోతుంది. పన్నెండు రోజులుగా పంపాపతి ఇంటి సోలారుది ఇదే వరస. దాన్ని బిగించిన ఉలిగమ్మకు కారణం అంతుపట్టడం లేదు.

ఎమ్మిగనూరు బజారులో సోలారు పని చేసే ఆడమనిషి ఉలిగమ్మ ఒక్కతే. మౌలాలి ఉస్తాద్ దగ్గర ఆరేళ్లు నేర్చుకుంది. మొదట్లో ఆమె మిద్దె ఎక్కితే కింద జనం నిలబడి చూసేవాళ్లు. "చీర కొంగు చూసుకో పాపా, తీగకు తట్టుకుంటాది" అని నవ్వేవాళ్లు. ఆమె చీర మానేసి ప్యాంటూ చొక్కా వేసుకుంది, పని చేసి చూపించింది. ఇప్పుడు అదే జనం ఆమెను "మేడం" అంటున్నారు. ఆ మాట వినిపించిన ప్రతిసారీ ఆమె వెన్ను కాస్త నిటారవుతుంది.

పంపాపతి రిటైరైన బస్సు కండక్టరు. ఊరి చివర కొత్త కాలనీ దాటాక అరెకరం జాగా కొన్నాడు. ముందంతా నిమ్మచెట్లు పెట్టి, వెనక చివర ఇల్లు కట్టుకున్నాడు. ఉస్తాద్ తోడు లేకుండా ఉలిగమ్మ సొంతంగా ఒప్పుకున్న మొదటి ఇల్లు అది.

"మీరొచ్చి ఒకసారి చూస్తారా?" అని బిగించే ముందు ఆమె అడిగితే ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు.

"నీ ఇల్లు. నువ్వే చూసుకో."

ఆ మాటను ఆమె పతకంలా దాచుకుంది.

మిద్దె మీది సోలారు పలకల్లో పుట్టిన కరెంటు హాలు గోడ మీది ఇన్వర్టరు పెట్టెకు వస్తుంది. ఇంట్లో వాడుకోగా మిగిలింది నిమ్మచెట్ల పక్కగా గేటు దాకా వెళ్లి, అక్కడి మీటరు గుండా వీధి లైనులో కలుస్తుంది. వోల్టేజి రెండువందల అరవై దాటితే ఇంట్లో సామాను కాలిపోకుండా ఇన్వర్టరు తనంతట తాను ఆగుతుంది. ఎర్ర దీపం వెలుగుతుంది. కాసేపు చూసుకుని మళ్లీ మొదలుపెడుతుంది. మళ్లీ అరవై. మళ్లీ ఎర్ర దీపం. ఎండ కాసినంతసేపూ ఇదే.

ఉలిగమ్మ తనకు తెలిసినవన్నీ చేసింది. మిద్దె ఎక్కి పలకల కనెక్టర్లన్నీ విప్పి మళ్లీ బిగించింది. ఒక్కో పలకనూ విడిగా కొలిచింది. ఎక్కడా తేడా లేదు. ఇన్వర్టరు లోపలే ఏదో చెడిందని పట్టుబట్టి దాన్నే మార్పించింది. కొత్తది కూడా సరిగ్గా మధ్యాహ్నానికే ఆగింది.

"లైనులోనే వోల్టేజి ఎక్కువ వస్తాంది," అని చివరికి తేల్చింది.

లైన్‌మన్ తిమ్మప్ప వచ్చి చేతి మీటరుతో వీధి స్తంభం దగ్గర వోల్టేజి కొలిచాడు. రెండువందల యాభై.

"కొంచెం ఎక్కువే గానీ హద్దులోనే ఉందమ్మా," అన్నాడు.

"మీ మీటరు పాతది. అది సరిగ్గా చూపదు," అంది ఉలిగమ్మ, పంపాపతి వింటుండగానే.

తిమ్మప్ప మీటరు సంచిలో పెట్టుకుని సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం పంపాపతి ఆమెను గేటు దగ్గర ఆపాడు. మంచి మనిషే గాని ఓపిక అయిపోయింది.

"చూడమ్మా, కాలనీలో పదహారిళ్ల వాళ్లు నన్ను చూసి పెట్టించుకోవాలని కాసుకోని ఉన్నారు. ఆదివారం పన్నెండుకు అందరూ ఇక్కడికే వస్తారు. నడిస్తే ఆ పదహారిళ్లూ నీవే. నడవకుంటే కర్నూలు నుంచి వేరేవాళ్లను పిలుచుకుంటాం. ఆడపిల్లకు ఇచ్చి చెడగొట్టుకున్నావని ఇప్పటికే అంటున్నారు."

చివరి మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

మర్నాడు శుక్రవారం. ఉస్తాద్ బస్టాండు పక్క కొట్లో కూర్చుని ఒక బోరు మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. ఉలిగమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. సాయం అడగడానికి రాలేదని దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంటూనే వచ్చింది.

"పంపాపతి సారు ఇంటికాడ లైనులో తేడా ఉంది ఉస్తాద్. తిమ్మప్ప ఒప్పుకోవడం లేదు. మీరొక మాట చెప్తే వింటాడు."

ఉస్తాద్ చుట్టు పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు. "రేపు మధ్యాన్నం పోదాం," అన్నాడు.

"తిమ్మప్ప దగ్గరికా?"

"ఆ ఇంటికి."

శనివారం ఇద్దరూ వెళ్లేసరికి ఎండ మండిపోతోంది. ఇన్వర్టరు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఉస్తాద్ సామాను సంచి కూడా తెచ్చుకోలేదు. మిద్దె ఎక్కుతాడేమోనని ఉలిగమ్మ మెట్ల వైపు నడిచింది. ఆయన హాల్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పంపాపతి భార్య బసమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

నీళ్లు తాగి, చెంబు తిరిగి ఇస్తూ ఆయన ఆమెనే అడిగాడు. "ఏ పొద్దయినా మధ్యాన్నం పూట ఆగకుండా నడిచిందా తల్లీ?"

బసమ్మ ఉలిగమ్మ వైపు చూసి కొంచెం వెనకాడింది.

"సోమవారం నడిచిందన్నా. ఆ పొద్దు నేను బట్టలు ఇస్త్రీ చేసుకుంటా ఉన్నా. చేసినంతసేపూ ఆగల్యా."

ఉలిగమ్మకు గుర్తొచ్చింది. ఈ మాట బసమ్మ తనతోనూ చెప్పబోయింది. తాను అప్పుడు మిద్దె దిగుతూ ఉంది. "దానికీ దీనికీ సంబంధం లేదమ్మా," అని సగంలోనే ఆపేసింది.

ఉస్తాద్ భుజం మీది తువాలు తీసి రెండు చేతులతో చాపి చూశాడు.

"ఆ ఇస్త్రీ పెట్టె ఒకసారి ఇస్తారా? తువాలు బాగా నలిగింది."

పంపాపతి, బసమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉలిగమ్మకు చెవులు వేడెక్కాయి. రేపు పదహారిళ్ల వాళ్లు వస్తున్నారు. ఈయన తువాలు ఇస్త్రీ చేసుకుంటానంటున్నాడు.

బసమ్మ నేల మీద దుప్పటి మడిచి పరిచింది. ఉస్తాద్ చతికిలబడి, తువాలు పరుచుకుని, మూల నుంచి మూలకు నిదానంగా ఇస్త్రీ పెట్టె నడిపాడు. మారాజు బట్టయినా అంత శ్రద్ధగా చేయరు. ఇంతలో ఇన్వర్టరు టిక్కుమని మొదలైంది. ఆకుపచ్చ దీపం వెలిగింది.

ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అని ఉలిగమ్మ చూస్తూ ఉంది. ఐదు నిమిషాలయింది. ఇన్వర్టరు తెర మీద రెండువందల యాభై ఎనిమిది. తువాలు ఒక వైపు అయింది. ఉస్తాద్ తిప్పి రెండో వైపు మొదలుపెట్టాడు. యాభై ఎనిమిదే. తువాలు అయ్యాక ఆయన బసమ్మను రెండు దిండు గలీబులు అడిగి తీసుకుని అవి కూడా చేశాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఆకుపచ్చ దీపం అట్లాగే ఉంది.

అప్పుడాయన ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకి పక్కన పెట్టాడు. గలీబులు మడత పెట్టి బసమ్మకు ఇచ్చాడు. కుర్చీలోకి వెళ్లి కళ్లు మూసుకున్నాడు.

ఆయన తల వెనక్కు వాల్చే లోపలే ఇన్వర్టరు ఆగింది. ఎర్ర దీపం.

ఉలిగమ్మ ఆ దీపాన్ని చూసింది, ఇస్త్రీ పెట్టెను చూసింది. తరువాత నెమ్మదిగా తన సంచి విప్పి మీటరు తీసుకుంది.

"అమ్మా," అంది బసమ్మతో. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత తగ్గడం అదే మొదలు. "మీరు ఇన్వర్టరు దగ్గర నిలబడి తెర మీద అంకె చదువుతారా? గేటు దాకా నాకు వినపడాల."

"నేనా? నాకేం తెలుస్తాది?"

"అంకె తెలిస్తే చాలు."

ఉలిగమ్మ నిమ్మచెట్ల మధ్య నుంచి అరవై గజాలు నడిచి గేటు చేరింది. మీటరు పెట్టె తెరిచి కొలిచింది. రెండువందల యాభై. తిమ్మప్ప చెప్పిన అంకె. కాసేపటికి ఇంట్లో నుంచి బసమ్మ గొంతు వినిపించింది.

"మొదలైంది. యాభై మూడు. యాభై ఆరు."

గేటు దగ్గర యాభై.

"యాభై తొమ్మిది. అరవై. అరవై ఒకటి. ఆగిపాయనమ్మా."

గేటు దగ్గర యాభై దాటలేదు.

ఉలిగమ్మ ఎండలో అట్లాగే నిలబడిపోయింది. గేటు దగ్గర లేని పదకొండు వోల్టులు ఇంట్లో ఉన్నాయి. మధ్యలో ఉన్నది ఒక్క వైరు. ఇల్లు కట్టిన నాడు వేసింది. సన్నది. పనిలోకి దిగిన మొదటి రోజే ఆమె దాన్ని చూసింది. ఇన్నేళ్లుగా ఈ ఇంటికి కరెంటు తెస్తూనే ఉంది గదా, దీనికేం అనుకుని పక్కకు వెళ్లిపోయింది. రెండు ఫ్యాన్లకూ ఒక ఫ్రిజ్జుకూ తేవడానికి అది సరిపోయింది. మిద్దె మీద పుట్టిందంతా బయటికి పంపాల్సి వచ్చేసరికి ఇరుకైపోయింది. ఎండ పెరిగే కొద్దీ కరెంటు లోపలే ఒత్తుకుని వోల్టేజి పెరుగుతోంది. ఇస్త్రీ పెట్టె కొంత తాగితే ఆ మేరకు ఒత్తిడి తగ్గుతోంది.

పలకలు కొలిచింది. ఇన్వర్టరు మార్పించింది. లైన్‌మన్‌ను పంపాపతి ముందు చిన్నబుచ్చింది. తాను చూసి వదిలేసిన ఆ ఒక్కదాని దగ్గరికే ఇన్ని రోజులుగా వెళ్లలేదు.

లోపలికి వచ్చి కుర్చీ పక్కన నిలబడింది.

"వైరు సన్నది ఉస్తాద్."

ఆయన కళ్లు తెరిచాడు. "ఇన్నాళ్లూ రావడానికే వాడిన దారి గదమ్మా అది," అని లేచి చెప్పులు వేసుకున్నాడు.

ఆదివారం తెల్లవారగానే ఉలిగమ్మ లావు వైరు చుట్ట ఆటోలో వేసుకుని వచ్చింది. గేటు నుంచి ఇంటి దాకా పాత వైరు లాగేసి కొత్తది పైపులో దూర్చి పరిచింది. చేతులకు బొబ్బలెక్కాయి. రెండు చివరలూ తానే బిగించి, బిగించిన చోట చెయ్యి పెట్టి వేడెక్కుతోందేమో చూసుకుంది. పదకొండున్నరకు పని ముగిసింది.

పన్నెండుకు కాలనీ వాళ్లు వచ్చారు. హాలు నిండి కొందరు వాకిట్లో నిలబడ్డారు. పంపాపతి పిలిచాడేమో, తిమ్మప్ప కూడా వచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు. ఉస్తాద్ అందరికంటే వెనక, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

తెర మీద రెండువందల యాభై నాలుగు. ఒంటిగంట అయింది. ఎండకు బయట కాకులు కూడా నీడకు చేరాయి. యాభై నాలుగు కదలలేదు. ఆకుపచ్చ దీపం ఆరలేదు.

పంపాపతి ముఖం వెలిగిపోయింది. "చెప్పలే? మా మేడం చేతిలో పెడితే అయిపోతుందని నేను ముందే చెప్పలే?" అని అందరి వైపూ తిరిగాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఉలిగమ్మ వెన్ను నిటారైంది. చెమటతో తడిసిన చొక్కాలో, బొబ్బలెక్కిన చేతులతో ఆమె నిజంగానే మేడంలా ఉంది.

కళ్లద్దాలు పెట్టుకున్న ఒకాయన అడిగాడు. "ఇంతకీ ఏమైందమ్మా? లైనులోనే తేడా అన్నారు గదా, అదేనా?"

గడప దగ్గర తిమ్మప్ప తల వంచుకున్నాడు. పంపాపతి అప్పుడే అవునన్నట్టు తల ఊపేశాడు. ఆమె "ఆ" అంటే చాలు. ఆ మాటతో అందరూ సంతోషంగా ఇళ్లకు పోతారు. ఆమె ఉస్తాద్ వైపు చూసింది. ఆయన ఆమెను చూడడం లేదు. బయట నిమ్మచెట్లను చూస్తున్నాడు.

"లైనులో ఏ తేడా లేదు సార్," అంది ఉలిగమ్మ. "తిమ్మప్పన్న చెప్పిందే నిజం. ఆయన మీటరూ సరిగ్గానే ఉంది. ఇంటి నుంచి గేటుకు పోయే వైరు సన్నదని నేను మొదటి రోజే చూసినా. మార్చకుండా వదిలేసినా. తప్పు నాది. బసమ్మగారు దారి చూపించబోతే నేను వినల్యా. ఈ పొద్దు మార్చినా."

పంపాపతి వచ్చినవాళ్ల ముఖాల వైపు చూశాడు. వంటింటి గుమ్మంలో బసమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గడప దగ్గర తిమ్మప్ప తల ఎత్తాడు. ఉలిగమ్మ అందరికీ ఎదురుగా అట్లాగే నిలబడి ఉంది. ఆమె వెన్ను వంగలేదు.

కళ్లద్దాల ఆయన గొంతు సవరించుకుని వెనక్కు తిరిగాడు.

"అయితే మా ఇండ్లకు మీరే చేయండి ఉస్తాద్. మీ చేతిలో ఇట్లాంటివి జరగవు గదా."

మౌలాలి ఉస్తాద్ గోడ విడిచి రెండడుగులు ముందుకు వచ్చాడు.

"చానా జరిగినాయి," అన్నాడు. "మీకు తెలీదు, నేను చెప్పల్యా కాబట్టి. ఈమె చెప్తుంది. ఈమెతోనే చేయించుకోండి."