వానపాముకు కళ్ళు ఎందుకు లేవు

ఒకప్పుడు వానపాముకు కళ్ళుండేవి. నవ్వకండి, నిజంగానే ఉండేవి. నల్ల ఉలవల్లా నిగనిగలాడేవి. ఒళ్ళంతా పొలుసులు, తోక మీద చారలు. అది ఎండకు గట్టు మీద పడుకుంటే చూసేవాళ్ళకు రెండు కళ్ళూ చాలేవి కావు.

దాని పని గట్టు కాపలా. ఆ రోజుల్లో చేనుకూ చేనుకూ మధ్య ఉన్న ప్రతి గట్టుకూ ఒక పాము ఉండేది. ఎవరైనా గట్టు జోలికొస్తే బుస్సుమని ఊరికంతా తెలపాలి. అంతకుమించి పని లేదు.

మన పాము కాసే గట్టుకు ఎగువన సన్నప్ప చేను, దిగువన తిమ్మక్క చేను. అదంతా ఏటవాలు నేల. తిమ్మక్కకు ఉన్నదల్లా ఆ ఒక్క కొర్రచేనే. అది పండితేనే ఆమె పొయ్యి వెలిగేది.

సన్నప్ప చెడ్డవాడేం కాదు. కానీ దున్నేటప్పుడు ఆయన చెయ్యి ఊరుకోదు. నాగలిని కాస్త పక్కకు వంచి, గట్టు అంచున ఒక్క నాగటిచాలు మేర చెక్కి తన చేలో కలిపేసుకునేవాడు.

మొదటిసారి పాము తలెత్తింది. "ఏం చేస్తాండావు సన్నప్పా?"

"ఒక్క చాలే గదా. ఊర్లో అందరూ కలుపుకుంటాండారు. నేనొక్కణ్ణి మానుకుంటే వాన గట్టు మట్టిని కోసకపోకుండా వదిలిపెడతాదా?" అన్నాడు సన్నప్ప. మర్నాడు చెంబుడు పాలు తెచ్చి గట్టు మీద పెట్టాడు.

పాలు గోరువెచ్చగా ఉన్నాయి. పాము తాగింది. పాలు తాగిన నోటికి బుస ఎక్కడ వస్తుంది?

మరుసటి ఏడూ ఒక చాలు, చెంబుడు పాలు. ఆ మరుసటి ఏడూ అంతే. నాలుగడుగుల గట్టు అయిదేళ్ళకు జానెడైంది. మేక నడిచినా పెళ్ళలు రాలుతున్నాయి.

"ఏమే పామూ, గట్టు సన్నబడినట్టుందే?" అని తిమ్మక్క ఒకరోజు అడిగింది.

"అబ్బే, నీ కండ్లకు అట్లా కనపడతాంది అక్కా," అంది పాము. అబద్ధం చెప్పి, మొహం అటు తిప్పుకుంది.

ఆ ఏడు కొర్ర మొలిచిన పదో రోజున పెద్దవాన పడింది. ఎగువ చేలో నీళ్ళు నిండి, గట్టును ఒక్క తోపు తోశాయి. సన్నప్ప చేలో మట్టంతా లేచి, తిమ్మక్క చేను మీదుగా పోయి, కింద పారే వంకలో కలిసింది. పై చేలో గులకరాళ్ళు తేలాయి. కింది చేలో ఇసుక మేట వేసింది.

వాన వెలిశాక తిమ్మక్క మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసుక తోడుతోంది, ఒక్క మొలకైనా దొరుకుతుందేమోనని. సన్నప్ప తల వంచుకుని నిలబడ్డాడు. పాము కూడా పక్కనే రాయి మీదికి వచ్చింది.

తిమ్మక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పాము కళ్ళలోకి చూసి, "నీకు కండ్లుండె గదా తల్లీ. అంతా చూస్తానే ఉంటివి గదా," అంది. మళ్ళీ ఇసుక తోడసాగింది.

పాముకు సిగ్గుతో చచ్చినంత పనైంది. అయిదేళ్ళ పాలూ కడుపులో విరిగినట్టయింది. నేల మీద తల ఆనించి, "అమ్మా నేలతల్లీ, చూసి కూడా చెప్పని కండ్లు నాకెందుకు? తీసేసుకో. పొలుసులూ తీసేసుకో. నన్ను నీలో దాచేసుకో," అంది.

"నువ్వు దాక్కుంటే పోయిన మట్టి వస్తాదా?" అంది నేలతల్లి.

"రాదు. నేనే చేసిపెడతా, రవ్వంత రవ్వంత."

"ఎన్ని తరాలు పడతాదో తెలుసునా?"

"పట్టనీ," అంది పాము. నేలతల్లి దాని కళ్ళూ పొలుసులూ తీసేసుకుని, దాన్ని తనలోకి తీసుకుంది.

సన్నప్ప ఇదంతా విన్నాడు. కలుపుకున్న చాళ్ళన్నీ వదిలి, రాళ్ళు మోసి మళ్ళీ గట్టు వేశాడు. తన ఇంట్లో ఉన్న విత్తనపు కొర్రలు తిమ్మక్కకు తీసుకెళ్ళాడు. ఆమె మొహం చూడలేక గుమ్మం దగ్గరే దించి వచ్చేశాడు.

అప్పటినుంచే వానపాముకు కళ్ళు లేవు. నేల లోపలే ఉండి, మట్టీ రాలిన ఆకూ తిని, మెత్తటి మట్టిని రవ్వంత రవ్వంత పైకి తెచ్చిపోస్తుంది. వాన పడితే మాత్రం లోపల ఉండలేదు. పైకి వచ్చి తడుముకుంటూ పాకుతుంది. గట్టు నిలిచిందో లేదో ఒంటితో తాకి చూసుకోవాలి కదా పాపం.