తొర్ర టపా, మబ్బు టపా

"గురవయ్యా, ఓ గురవయ్యా, బయటికి రావయ్యా."

గుంటనక్క గురవయ్య గుహ ముందు నిలబడి పిలుస్తున్నది కుందేలు సీతాలు. ఒళ్లంతా బురద. పక్కన ముగ్గురు పిల్లలు తడిసి వణుకుతున్నారు. పొద్దున్నే ఏరు పొంగి బొరియలోకి నీళ్లొచ్చాయి. చిన్నదాన్ని చెవి పట్టి బయటికి లాగేసరికి దానికి ఊపిరి అందీ అందకుండా ఉంది. ఎగువనుండే నీటికుక్కని అడిగితే, ఏరు పొంగబోతోందని నిన్న పొద్దున్నే కబురు పంపానంది. ఆ కబురు సీతాలుకి చేరనేలేదు.

ఇదివరకు అడవిలో కబుర్లన్నీ ఉడత నరసమ్మ తొర్రలోంచే వెళ్లేవి. ఆకు మీద పంటిగాట్లు పెట్టి ఇస్తే, వచ్చిన వరుసలో పేర్చి ఒక్కొక్కటే మోసుకెళ్లేది. ఇంట్లో ఎవరూ లేకపోతే మళ్లీ వెళ్లేది. అందుకున్నవాళ్లు అంచు కొరికి ఇస్తేనే ఆ ఆకుని అవతల పడేసేది. కాకపోతే తొర్ర ఊడవాలి, చెదలు దులపాలి, దానికి అందరికీ వంతులు. ఎందుకీ చాకిరీ, కొంగలు మబ్బుల్లో మోసుకెళ్తాయి, మీరు హాయిగా కూర్చోండి అని ఎండాకాలంలో ఇల్లిల్లూ తిరిగి చెప్పింది ఈ గురవయ్యే. నీలాకాశంలో తెల్లటి కొంగ ముక్కున తన ఆకు తేలిపోతుంటే సీతాలు మెడ నొప్పెట్టేదాకా చూసి మురిసిపోయింది కూడా.

ఇప్పుడా మురిపెం తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది.

గురవయ్య ఆవలిస్తూ వచ్చాడు. తప్పంతా సీతాలుదే అన్నాడు. కొంగ వచ్చినప్పుడు మేతకు పోయుంటావు, ఆకు కొంగల దగ్గర భద్రంగానే ఉంటుంది, వెళ్లి అడగాల్సింది అన్నాడు.

"నా పిల్ల నీళ్లు మింగింది. నువ్వు నాకు బుద్ధులు చెప్తున్నావా?"

అంతలో ఆ మాటలు విని నరసమ్మ వచ్చింది. "పోనీలే సీతాలూ" అని నక్క వైపు తిరిగింది. "నిన్న పులిగారు నీకూ ఓ ఆకు పంపారట గురవయ్యా. ఇవాళ మధ్యాహ్నం భోజనానికి నీ గుహకే వస్తారట. కొంగల దగ్గర భద్రంగానే ఉంటుంది, వెళ్లి తెచ్చుకో."

గురవయ్య తోక కాళ్ల మధ్యకు పోయింది. "నిన్నటి ఆకు ఇంకెక్కడిదమ్మా? పొద్దు గూకగానే పారేస్తాయి కదా."

అనేసి నాలుక కరుచుకున్నాడు.

పులి ఆకు లేదు, పాడూ లేదు, నేనే కల్పించానంది నరసమ్మ. పారేస్తాయని నీకెప్పటినుంచి తెలుసని సీతాలు నిలదీసింది. కొంగలు మొదటి రోజే చెప్పాయనీ, రోజుకో చేప ఇస్తామంటే నోరు మూసుకున్నాననీ గురవయ్య నేల చూపులు చూస్తూ గొణిగాడు.

మన పని ఇంకొకరి చేతిలో పెట్టేముందు, మనం ఇంట్లో లేనప్పుడు ఏం చేస్తారో అడిగి తెలుసుకోవాలి అంటూ నరసమ్మ చిన్నదాని చెవులు తోకతో తుడవసాగింది.

సీతాలు కోపం ఇంకా చల్లారలేదు. కానీ ఈసారి అది నక్క వైపు పోలేదు.

"నేనొక్క మాటా అడగలేదత్తా. నీ తొర్ర ఊడ్చే వంతు తప్పుతుందని, అందరికంటే ముందు సరేనన్నది నేనే."