కంప్యూటర్ల గదిలో ఊడ్పు పాట

"నారు కట్ట దించవే, నడుం వంచవే ఓలమ్మీ,
నల్ల మబ్బు తొంగి చూసె..."

ఆ తరవాత గట్టు సంగతేదో ఉండేది, మరిచిపోయాను. చిన్నప్పుడు వరి ఊడ్పుల్లో పాడేవాళ్లం. ఆ సగం పాటే ఒకరోజు పనికొచ్చింది.

నేను కంటాసుపత్రిలో కంప్యూటర్ల గది తుడుస్తాను. ఆ గది చూసుకునే ఖాజా మాస్టారే నాకు ఈ వయసులో అక్షరాలు దిద్దించారు. అక్కడ నాలుగు సర్వర్లున్నాయి. రోగుల కళ్ల ఫోటోలన్నీ వాటిలోనే. ప్రతి ఫోటో రెండు సర్వర్లలో ఉంటుందట, ఒకటి ఆగినా రెండోది ఇచ్చేలా. వచ్చిన ఫోటో ముందు క్యాష్ డ్రైవనే చురుకైన చిన్న డిస్కులో దిగుతుంది, తరవాత తీరిగ్గా పెద్ద డిస్కులకు చేరుతుంది. వడ్లు ముందు కళ్లంలో పోసి తరవాత గాదెకెత్తినట్టు.

ఆ చిన్న డిస్కులు పాతబడ్డాయి. మార్చే పని, నన్ను అమ్మమ్మా అని పిలిచే తన శిష్యురాలు మందాకినికి అప్పజెప్పారు మాస్టారు.

మొదటి సర్వరు ఆపి, చకచకా మార్చి, మళ్లీ నడిపించింది. స్క్రూడ్రైవరు పట్టుకుని రెండోదాని దగ్గరికి పోయింది.

"ఆగు తల్లీ. మొదటిది ఆగినంతసేపూ వచ్చిన ఫోటోలన్నీ అది అందుకోవాలిగా," అన్నారు మాస్టారు.

ఎంత అందుకుందో తెర మీద అంకె నేనే చదివాను. "నూటికి అరవై ఒకటి."

"చాలదా మాస్టారూ? మధ్యాహ్నానికి నాలుగూ ముగించి చూపిస్తా!"

పైన థియేటర్లో డాక్టరమ్మ ఆ ఫోటోలు చూస్తూనే కోత పెడుతోంది. ఆవిడ చూసే ఫోటోకి ఆ రెండు సర్వర్లే తావులై, మొదటిదానికి అదింకా చేరకపోతే? నేను తుడవడం ఆపేశాను. మాస్టారు మాత్రం కోప్పడలేదు. నా వైపు తిరిగారు.

"సింహాచలమ్మా, నీ ఊడ్పు పాట అందుకో, నేనూ పాడతా. అది తెగకూడదన్నావు కదూ?"

"తెగితే చేతులాగిపోవూ! ఒకరు ఊపిరి తీసుకుంటే ఇంకొకరు లాక్కెళ్లాలి."

చీపురు పక్కన పెట్టి ఎత్తుకున్నాను. మాస్టారిది కందెన లేని బండిచక్రం గొంతు. నేను ఊపిరికి ఆగాను, ఆయన లాక్కెళ్లారు. పాట ఎక్కడుందో చూసుకుని నేను నోరు తెరిచేలోపే ఆయనా ఆగి, హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

పాట తెగింది. గదిలో ఫ్యాన్ల హోరే మిగిలింది.

మందాకిని పకపకా నవ్వింది. "ఇదేం పాట మాస్టారూ! అమ్మమ్మ ఇంకా అందుకోకముందే మీరు..."

అక్కడే ఆగిపోయింది. తెర వైపు చూసింది. స్క్రూడ్రైవరు మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

మాస్టారు టీ తాగడానికి వెళ్లిపోయారు.

ఇక మేమిద్దరం. డెబ్బై. ఎనభై తొమ్మిది. నేను చదవడం, అది తలూపడం. నూరు కాగానే చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టి, రెండోదాని దగ్గరికి వెళ్లాం. మధ్యలో పాట నేర్పమంది. నేను మరిచిన గట్టు దగ్గర తనే ఓ కొంగను వాల్చింది, బాగానే కుదిరింది. నాలుగోదానికి పొద్దు వాలింది. పైన ఒక్క ఫోటో కూడా ఆగలేదు.

ఆఖరి అంకెలు నడుస్తుండగా నా గొంతెండిపోయి పాట తడబడింది. మందాకిని నా భుజం మీద చెయ్యేసింది.

"ఊపిరి తీసుకో అమ్మమ్మా. నేను పట్టుకున్నాగా."