వెయ్యి అడుగుల చెలమ

ఎండలు ముదిరి కొండవాగు ఎండిపోయింది. ఆ ఇసుకలో రెండు చెలమలు వెలిశాయి. వాగు వంపులో అడవిపంది తన పిల్లల కోసం ముట్టె అరిగేలా లోతుగా ఒకటి తవ్వింది. బాట పక్కన నక్క కాలితో గీకి, ఇసుక తడి తగలగానే ఆపేసింది. పని ఆగిన చోటే గొప్పలు మొదలవుతాయి.

ఆ అడవికి ఏనుగు పెద్ద. గుంతలు ఎక్కువైతే లేడిపిల్లల కాళ్లు విరుగుతాయని, ఏటా ఒక్క చెలమనే తన కొమ్ములతో పెద్దది చేసి మిగతావి పూడ్చేస్తుంది.

"ఎక్కువమందికి పనికొచ్చేది ఉంటుంది. లెక్క చెప్పండి," అంది ఏనుగు.

పంది తరఫున కొండముచ్చు చెట్టుమీద కూర్చుని తలలు లెక్కపెట్టింది. "నిన్న నలభై మంది వచ్చారు, పెద్దయ్యా."

నక్క నవ్వింది. "నా చెలమ చుట్టూ వెయ్యి అడుగులు పడ్డాయి. వచ్చి చూసుకోండి."

ఏనుగు వెళ్లి చూసింది. నిజంగానే ఇసుకంతా అడుగులే.

"ఒక్కో దుప్పికి నాలుగు కాళ్లు కదా, నక్క బావా?" అంది కొండముచ్చు.

"నాలుగో వంతే వేసుకో. అప్పుడైనా నీ నలభై ఏ మూలకి? పైగా పొద్దు గుంకితే నీ కళ్లు మూతపడతాయి. చీకటి పడ్డాక వచ్చినవాళ్లు నీ లెక్కలో ఉన్నారా?"

కొండముచ్చు వీపు గోక్కుంది. "లేరు."

"ఇంకేం మరి. పంది అత్తా, నీ చెలమ పూడితే బెంగపడకు. పిల్లల్ని నా దగ్గరికి తోలు."

పిల్లలు తల్లి వెనక్కి నక్కాయి. మరో నీటిచోటు దాకా నడిచే ఓపిక వాటికి లేదని పందికి తెలుసు. ఏనుగు వంపు వైపు కదిలింది.

"పెద్దయ్యా, పూడ్చేముందు ఒక్క మాట," అంది పంది. "నక్క చెలమ దగ్గరికి అంతమంది వస్తున్నారు కదా. దూరం నుంచి వచ్చారు, ముందు మీరూ అక్కడే దాహం తీర్చుకోండి."

ఏనుగుకు ఆ మాట నచ్చింది. నక్క మాత్రం రెండడుగులు వెనక్కి వేసింది. ఏనుగు చెలమలో తొండం పెట్టి పీల్చింది. బురద తగిలి తుమ్మింది.

"నీళ్లేవిరా?"

"ఊరుతాయి పెద్దయ్యా. కాస్త ఆగితే."

అటుగా పోతున్న ముసలి దుప్పి ఆగింది. "నిన్న పొద్దున్నా ఇదే మాట చెప్పావు, మధ్యాహ్నమూ ఇదే చెప్పావు. ఊరుతాయేమోనని నీ గుంత చుట్టూ తిరిగి తిరిగి నా గిట్టలరిగాయి. చివరికి పంది దగ్గరే తాగాను. అక్కడ ఒక్కసారి వంగితే కడుపు నిండింది, మళ్లీ పోవాల్సిన పని పడలేదు."

ఏనుగు ఆ అడుగులను మరోసారి చూసింది. "అయితే ఇవన్నీ దాహం తీరక తిరిగినవాళ్లవన్నమాట. పైన పటారం, లోన లొటారం."

ఒక్క తోపుతో నక్క గుంత పూడిపోయింది. పంది చెలమ సాయంత్రానికల్లా మడుగంత అయింది.

ఎండకు నాలుక పిడచగట్టిన నక్క, కుందేళ్ల వెనక వరుసలో నిలబడింది. "అత్తా, నేనూ వచ్చాను. నీ లెక్కలో వేసుకో."

"ముందు తాగు అల్లుడూ," అంది పంది. "తాగితే వేసుకుంటా."

గడప తొక్కినవాళ్లను చూసి మురిసిపోకు, వాళ్ల గొంతు తడిసిందో లేదో అడుగు.