కోయిల పాటల పెన్‌డ్రైవ్

అనగనగా అనగానే మరీ పాతకాలం అనుకునేరు పిల్లలూ. అడవిలోకి కరెంటు వచ్చింది, కంప్యూటర్లూ వచ్చాయి, జంతువులకు మాటలు మాత్రం ఇంకా పోలేదు. ఆ రోజుల నాటి కథ ఇది.

ఇప్పవనం అనే అడవిలో ఒక చిన్న అంగడివీధి ఉండేది. అందులో నాలుగే కొట్లు. కుందేలు బుల్లెయ్యది విత్తనాల కొట్టు. తాబేలు కూర్మారావుది మూలికల కొట్టు. నెమలి శిఖామణిది బట్టలు కుట్టే కొట్టు. చివరిది కాకి నీలవేణిది. ఆమె శుభలేఖలు, చీటీలు, లేబుళ్ళు అచ్చువేసేది. అడవిలో ఏ పెళ్ళి నిశ్చయమైనా ముందుగా తెలిసేది ఆమెకే.

నాలుగు కొట్లకూ నాలుగు కంప్యూటర్లు. ఏ విత్తనం ఏ కార్తెలో చల్లాలో, ఏ రోగికి ఏ కషాయం పడుతుందో, ఏనుగుగారి నడుం కొలత ఎంతో, అన్నీ వాటిలోనే ఉండేవి. దసరా వస్తే నలుగురూ వాటిని శుభ్రంగా తుడిచి, తెరకు కుంకుమబొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొట్టేవారు. ఇక ఏడాదిదాకా ఏ పీడా రాదని నిశ్చింతగా నిద్రపోయేవారు.

నీలవేణి కూడా బొట్టు పెట్టేది. కాకపోతే ఆమె అక్కడితో ఆగేది కాదు. వారం వారం తన కంప్యూటర్‌లో ఉన్నదంతా ఒక డిస్కులోకి నకలు తీసుకునేది. తీగ పీకేసి, దాన్ని ముక్కున కరుచుకుపోయి, ఏటి అవతల తాటిచెట్టు మీద దాచి వచ్చేది. మిగతా ముగ్గురూ ఇరుగుపొరుగువాళ్ళం కదా అని ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకుంటే, ఆమె తనది ఎవరికీ చెప్పేది కాదు. దాంతో వీధిలో ఆమెకు అనుమానప్పక్షి అని పేరు పడింది. పేరు పెట్టినవాళ్ళు ఆమెకు వినపడేట్టే పిలిచేవారు.

వర్తక సంఘానికి బుల్లెయ్య అధ్యక్షుడు. నలుగురే సభ్యులైనా అధ్యక్షుడు అధ్యక్షుడే కదా. దొంగలు పడితే సింహరాజుగారి ఖజానా మీద పడతారు గాని, మెంతులూ ఆవాలూ అమ్ముకునే తన కొట్టు జోలికి ఎందుకు వస్తారని ఆయన వాదం.

కూర్మారావు తాతది ఇంకో ధీమా. పుట్టుకతో వీపు మీద డిప్ప ఉన్నవాడాయె, కంప్యూటర్‌కూ ఒక డిప్ప ఉండాలని ఆరేళ్ళ కిందట యాంటీవైరస్ కొన్నాడు. కొన్న ఏడాదికే దాని గడువు తీరిపోయింది. తాత దాన్ని మళ్ళీ పట్టించుకున్న పాపాన పోలేదు గాని, ఖాళీ అట్టపెట్టెను మాత్రం దేవుడి పటాల పక్కన పెట్టి రోజూ ఒక మందారపువ్వు ఉంచేవాడు.

శిఖామణి అయితే తోక విప్పి చూపించేవాడు. ఇన్ని కళ్ళున్నవాడికి తన కొట్లోకి చెడు వస్తే కనపడదా, కనపడిన క్షణాన తరిమికొట్టనా అనేవాడు.

ఈ మాట విన్నప్పుడల్లా నీలవేణికి గుండె కలుక్కుమనేది. ఎందుకో చెబుతాను.

నాలుగేళ్ళ కిందట ఆమె గూట్లో మూడు గుడ్లు పెట్టింది. పొదిగితే ఒక్క పిల్లే బయటికి వచ్చింది, దానికి నోటికందించి పెంచింది. పిల్ల నల్లగా ముద్దుగా ఉంటే మురిసిపోయింది. ఒకనాటి ఉదయం ఆ పిల్ల నోరు తెరిచి "కూ" అంది. నీలవేణి గూడంతా వెతికి, చెట్టు దిగి చూస్తే పొదలో తన గుడ్ల పెంకులు కనిపించాయి. కోయిల కలకంఠి ఎప్పుడు వచ్చిందో, తన గుడ్లను ఎప్పుడు తోసేసి దాని గుడ్డు పెట్టిపోయిందో ఆమెకు తెలియనే లేదు. ఇంట్లో చొరబడ్డ చేటును తన చేతులతోనే మేపానన్న బాధ ఆమెను ఈనాటికీ వదల్లేదు. ఆ బాధే ఆమెను జాగ్రత్తగల మనిషిని, అంటే జాగ్రత్తగల కాకిని చేసింది.

అలా ఉండగా మళ్ళీ వసంతం వచ్చింది. కలకంఠికి గుడ్లు పెట్టే కాలమూ వచ్చింది. గూడు కట్టడం దానికి చేతకాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. ఈసారి ఒక్క గూడు కాదు, వీధి మొత్తం తన చెప్పుచేతల్లో ఉండాలని ఆశ పుట్టింది. నీలవేణి కొట్టుతో మొదలుపెట్టింది.

మొదటిసారి ఫోన్ చేసింది. గొంతులో తేనె ఒలకబోస్తూ, సింహరాజుగారి కచేరీ నుంచి మాట్లాడుతున్నానంది. అమ్మగారి కొట్టుకు రాజముద్ర మంజూరైంది, ఫోనుకు ఆరంకెలు వచ్చుంటాయి, అవి చదివి చెబితే చాలంది. నీలవేణి అంకెలు చెప్పలేదు. ఫోన్ పెట్టేసి, రెక్కలు ఆడించుకుంటూ తానే కచేరీకి వెళ్ళి అడిగింది. అక్కడి ఎలుగుబంటి గుమాస్తా తలకాయ అడ్డంగా ఊపాడు. తాము ఎవరికీ ఫోన్ చేయలేదన్నాడు.

రెండోసారి కంప్యూటర్‌కు ఉత్తరం వచ్చింది. రాజకుమారి వివాహం, వెయ్యి శుభలేఖలు కావాలి, నమూనా జతచేశాం, తెరిచి చూడండి అని ఉంది. వెయ్యి శుభలేఖలు! నీలవేణి జన్మలో అంత పెద్ద పని చేయలేదు. నిజం చెప్పాలంటే ఆమె కాలిగోరు మీట దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగింది. మళ్ళీ కచేరీకి ఎగిరింది. రాజకుమారికి ఇంకా పాలపళ్ళే ఊడలేదని గుమాస్తా నవ్వాడు.

మూడోసారి కలకంఠి నేరుగా వీధిలోకే వచ్చింది. కాలికి చిన్న మూట కట్టుకుని, వర్తక సంఘానికి కానుక తెచ్చానంది. అది ఒక పెన్‌డ్రైవ్. దాని నిండా తన పాటలేనట. వసంతోత్సవం నాడు నాలుగు కొట్లలో ఒక్కసారిగా ఆ పాట మోగితే అడవి అడవంతా ఇటే పరుగెత్తుకొస్తుందని చెప్పింది. ఉచితం అన్న మాట వినగానే బుల్లెయ్య చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి.

పెన్‌డ్రైవ్ ముందు బుల్లెయ్య కొట్లోకి, అక్కడినుంచి తాత కొట్లోకి, అక్కడినుంచి శిఖామణి కొట్లోకి వెళ్ళింది. అందరికీ పాట వినిపించింది. పాట బ్రహ్మాండంగా ఉంది. పాట వెనకాలే ఇంకేదో లోపలికి జారి, చప్పుడు చేయకుండా కూర్చుంది. తాత అట్టపెట్టె పలకలేదు. శిఖామణి కళ్ళల్లో ఒక్కదానికీ అది కనపడలేదు.

చివరికి బుల్లెయ్య దాన్ని నీలవేణి దగ్గరికి తెచ్చాడు.

"ఎక్కడెక్కడో తిరిగొచ్చిన వస్తువును నా కంప్యూటర్‌కు తగిలించను తమ్ముడూ," అంది నీలవేణి. "అంత పాట వినాలనుంటే ఆమెను కొమ్మ మీద కూర్చుని పాడమను, చెవులారా వింటాను. మీరు కూడా అది తీసేసి, కంప్యూటర్లు ఎవరికైనా చూపించుకోండి."

బుల్లెయ్యకు తల కొట్టేసినట్టయింది. ఉత్సవం రోజున మూడు కొట్లు పాడుతుంటే ఒక కొట్టు మూగగా ఉంటే వీధి పరువేం కావాలన్నాడు. ముగ్గురూ అక్కడికక్కడే సభ పెట్టుకుని తీర్మానం చేశారు. నీలవేణి ఆ పెన్‌డ్రైవ్ పెట్టాలి, లేదా ఉత్సవం ముగిసిన మర్నాడు కొట్టు ఖాళీ చేసి వెళ్ళాలి. పదేళ్ళుగా ఆమె పుల్ల పుల్ల తెచ్చి నిలబెట్టుకున్న కొట్టు అది. ఆమెకు వేరే ఆధారం లేదు.

నీలవేణికి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "ఖాళీ చేయమంటే చేస్తాను. అది మాత్రం పెట్టను," అంది.

ఉత్సవం రోజు వచ్చింది. పొద్దెక్కేసరికి లేళ్ళు, దుప్పులు, కోతులు, ఏనుగులు వీధి నిండా కిక్కిరిసిపోయాయి. బుల్లెయ్య చెయ్యి ఊపాడు. మూడు కొట్లలో ఒక్కసారిగా పాట మొదలుపెట్టారు. "కూ" అని ఒక్క కూత వినపడింది. మూడు తెరలూ నల్లబడిపోయాయి. ఒక్కొక్క తెర మధ్య ఒక మచ్చల గుడ్డు ప్రత్యక్షమైంది. దాని కింద "ఒప్పుకుంటున్నాను" అని ఒకే ఒక్క మీట.

ఏం నొక్కినా గుడ్డు కదలలేదు. మందుకోసం వచ్చిన ముసలి లేడి నిలబడలేక కూలబడింది. ఆమెకు పడే కషాయం పాళ్ళు ఆ గుడ్డు వెనకాలే ఉండిపోయాయి. తాత పెట్టె వంక చూసి, డిప్పలోకి తల ముడుచుకున్నాడు.

అప్పుడు కలకంఠి కొమ్మ మీద వాలింది.

"కంగారు పడకండి," అంది తియ్యగా. "మీ సొత్తంతా భద్రంగా నా తాళం కిందే ఉంది. నాకు ధనం వద్దు, ధాన్యం వద్దు. ఏటా వసంతంలో ప్రతి కొట్లోనూ నా గుడ్డు ఒక్కటి పొదిగి, పిల్లను పెంచి ఇవ్వండి. ఇప్పుడే ఒప్పుకుంటే ఇప్పుడే తెరుస్తాను."

ఒక్క గుడ్డేగా అన్నాడు శిఖామణి. పీడా పోతుందన్నాడు తాత. బుల్లెయ్య మీట మీద కాలు పెట్టబోయాడు. అంతలో నీలవేణి దూసుకువచ్చి ఆ కాలి మీద ముక్కుతో ఒక్క పోటు పొడిచింది.

"తీయి కాలు. ఇవాళ ఒక గుడ్డు అంటుంది. వచ్చే ఏడు రెండంటుంది. తాళం తనదైనప్పుడు ఎన్నైనా అంటుంది. తెరుస్తానన్న మాట నిలబెట్టుకుంటుందని నీకెవరు చెప్పారు?"

కలకంఠి మెడ పక్కకు వంచింది. "నీలవేణి వదినా, నీకెందుకమ్మా ఈ ఆరాటం? రేపు నిన్ను వీధిలోంచి వెళ్ళగొట్టేది వీళ్ళేగా. నీ కొట్టు జోలికి నేను రాలేదుగా."

"రాక కాదు, నేను రానివ్వక," అంది నీలవేణి. "వీళ్ళతో నా తగవు వేరు, అది మేమూ మేమూ చూసుకుంటాం. నీతో నా తగవు వేరు. ఒకసారి నీ పిల్లను నా పిల్ల అనుకుని పెంచాను. తెలియక చేశాను. తెలిసి ఈ వీధిలో ఎవరి చేతా చేయనివ్వను. నీ తాళం నీ దగ్గరే పెట్టుకో."

ఆ మాట అని రివ్వున ఎగిరి ఏరు దాటింది. కాసేపటికి డిస్కు ముక్కున కరుచుకుని వచ్చింది. పదేళ్ళుగా విత్తనాల పొట్లాలకు లేబుళ్ళు, మందుసీసాలకు చీటీలు, శిఖామణి కొలతల కార్డులు అన్నీ అచ్చువేసింది ఆమేగా. పాతవి కంప్యూటర్‌లో ఉంచకపోయినా, ఆ అచ్చులన్నీ డిస్కులోని నకళ్ళలో ఉన్నాయి. ముందుగా ముసలి లేడి కషాయం చీటీ తీసి తాత చేతికిచ్చింది. తాత పాళ్ళు చూసి కషాయం కాచాడు. లేడి తాగి కుదుటపడ్డాక గాని ఎవరికీ ఊపిరి ఆడలేదు.

ఆ తర్వాత మూడు కంప్యూటర్లనూ లోపల ఏమీ మిగలకుండా తుడిచేశారు. గుడ్డు బొమ్మలు పోయాయి. నకళ్ళలో ఉన్నంతవరకు తిరిగి ఎక్కించుకున్నారు. అన్నీ దొరికాయని అబద్ధం చెప్పను. శిఖామణి ఏనుగుగారి నడుం మళ్ళీ కొలవాల్సి వచ్చింది, దానికి ఒక పూట పట్టింది. తాత కొందరి రోగాలు వాళ్ళనే అడిగి రాసుకున్నాడు. ఉత్సవం పాట లేకుండానే జరిగింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే బేరాలాడారు.

సాయంత్రానికి బుల్లెయ్య చెవులు వేలాడేసుకుని వచ్చాడు. తీర్మానం కాగితం ఆమె ఎదుటే చింపి, తప్పయిపోయింది అక్కా, ఇక్కడే ఉండు అన్నాడు.

"ఉంటాను," అంది నీలవేణి. "ఉండమన్నావని కాదు, ఇది నా కొట్టు గనక ఉంటాను. అయితే రేపటినుంచి ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళది. వారం వారం నకలు తీయకపోతే నీ రెండోకాలూ పొడుస్తాను. తాతగారూ, ఆ అట్టపెట్టెకు పువ్వులు పెట్టడం మాని లోపలి సరుకు కొత్తది తెచ్చుకోండి."

ముగ్గురూ బుద్ధిగా తలలూపారు. శిఖామణి తోక మడిచి మరీ ఊపాడు.

కలకంఠి ఇంకా కొమ్మ మీదే ఉంది. గుడ్లు పెట్టే వేళ దగ్గరపడుతోంది. ఒప్పుకునేవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు. ఏం చేయాలో తోచక ఒక పాట ఎత్తుకుంది. పాట మాత్రం తియ్యగానే ఉంది, అది కాదనలేం.

నీలవేణి తలెత్తి చూసింది.

"పాడుకో వదినా, నీ గొంతుకు వంక పెట్టను. గూడు మాత్రం నువ్వే కట్టుకో."

కలకంఠి పాట ఆపి కిందికి దిగింది. చాలాసేపు అటూ ఇటూ చూసి, బతుకులో మొదటిసారి ఒక పుల్ల ఏరుకుంది.

పిల్లలూ, దొంగ మన కొట్టు చిన్నదా పెద్దదా అని చూడడు, తలుపు తెరిచి ఉందా అని చూస్తాడు. కాబట్టి గడియ మన చేత్తోనే వేసుకోవాలి, అంతకుమించి, బెదిరించి అడిగినవాడికి ఎన్నడూ ఒప్పుకోకూడదు.