పక్క మెట్టు

నాటకాల బృందంలో హార్మోనియం వాయించే గవర్రాజుకి చెయ్యి వేగం ఎక్కువ, చెవి మీద శ్రద్ధ తక్కువ. పైగా, తనంతటి వాడు గోదావరికి ఈ ఒడ్డున లేడని గట్టి నమ్మకం.

నిన్నటి నాటకంలో కాంచనం, చనిపోయిన కొడుకుని ఒళ్లో పెట్టుకుని ఏడ్చే పద్యం అందుకుంది. ఒళ్లో ఉన్నది గుడ్డల బొమ్మే. కానీ సొంత బిడ్డని మట్టిలో కలిపి ఆమెకి ఇంకా నెల తిరగలేదు.

ఆ పద్యంలో రిషభం నుంచి గాంధారానికి దూరం అర స్వరమే. హార్మోనియం మీద పక్క మెట్టే. గవర్రాజు ధీమాగా ఒక మెట్టు దాటి నొక్కాడు. అర స్వరం వెళ్లాల్సిన చోట పూర్తి స్వరం వెళ్లాడు. పాపం, ఆమె గొంతు ఒక దారి, పెట్టె ఒక దారి అయ్యాయి. తడబడింది, ఆగిపోయింది. జనం గొల్లున నవ్వారు. బొమ్మని గుండెకి హత్తుకుని తెర వెనక్కి వెళ్లిపోయిన మనిషి, తెల్లారినా మెతుకు ముట్టలేదు.

పొద్దున్నే గురువు ముక్తేశ్వరంగారు పిలిచారు.

"గాంధారం ఎక్కడ పట్టావురా?"

"ఒక్క మెట్టు అటూ ఇటూ అయిందండి. అర స్వరానికే ఇంత రాద్ధాంతమా? ఆవిడే సర్దుకుని పాడాల్సింది."

ముసలాయనకి ఒళ్లు మండిపోయింది. అయినా "స్నానానికి పోదాం పద" అని రేవుకి తీసుకెళ్లారు.

ఆయన ఒడ్డున కూర్చున్నారు. గవర్రాజుకి ఈత రాదు. జాగ్రత్తగా ఒక్కో మెట్టూ దిగాడు. నీళ్లు భుజాల దాకా వచ్చాక ఆగాడు.

"దిగు" అన్నారు గురువుగారు. "పక్క మెట్టు వద్దు. ఒకటి దాటి కాలు పెట్టు."

గవర్రాజు కాలితో తడిమి చూశాడు.

"పక్కదైతే గడ్డం దాకా వస్తాయండి, ఊపిరాడుతుంది. దాటితే మునిగిపోతాను గురువుగారూ!"

"రెండింటికీ తేడా ఎంతరా?"

"ఒక్క..." అన్నాడు గవర్రాజు.

ముక్తేశ్వరంగారు లేచి కండువా భుజాన వేసుకున్నారు.

"నిన్న కాంచనం నిలబడింది అక్కడేరా."