పైడి ఒంట్లో తలుపులు

ములగలంకలో తెలివి ఎవరింట్లో ఉందంటే గుత్తుల వారింట్లో అని ఎవర్ని అడిగినా చెబుతారు. ఎవర్ని అంటే, గుత్తుల వారింట్లో ఎవర్ని అడిగినా. అందులోనూ పెద్ద తెలివి సూరీడమ్మది. ఆవిడ మాట కొడుకు గవర్రాజు కాదనడు. కోడలు మాణిక్యం అసలే కాదనదు.

సూరీడమ్మ బెంగల్లా మనవరాలు పైడి గురించే. ఐదేళ్ళ పిల్ల, బొద్దుగా ఉంటుంది. తాతని షుగరు జబ్బు పట్టుకుపోయింది. అది మళ్ళీ ఈ గుమ్మం తొక్కకూడదు.

ఆ ఏడు అంగన్‌వాడీకి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకే రక్తం తీస్తోంది.

"జబ్బు లేని పిల్లకి రక్తం తీయడమెందుకమ్మా?" అంది సూరీడమ్మ.

"ఒంట్లో కొవ్వు ఊరికే కూర్చోదు మామ్మగారూ. రక్తంలోకి కబుర్లు పంపుతుంది. వాటినే హార్మోన్లంటాం. మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. ఇన్సులినని ఇంకోటుంది. అది చక్కెరని వెంటబెట్టుకెళ్ళి కండల తలుపు తడుతుంది. కొవ్వు ఎక్కువైతే చెడ్డ కబుర్లు పెరిగి, ఎంత తట్టినా తలుపు సరిగా తెరుచుకోదు. ఇదంతా చిన్నప్పుడే మొదలవుతుందేమోనని చూస్తున్నాం. మీ పాప బాగానే ఉంది. తీపి తగ్గించండి, బాగా పరిగెత్తనివ్వండి. వానలు వెలిశాక మళ్ళీ వచ్చి చూస్తా."

సూరీడమ్మ అంతా శ్రద్ధగా విన్నది. తీపీ, పరుగూ తప్ప అన్నీ గుర్తుపెట్టుకుంది.

ఇంటికి రాగానే పైడిని మంచం మీద పడుకోబెట్టారు. గవర్రాజు పిల్ల పొట్టకి చెవి ఆనించాడు.

"ఏమంటోందిరా?"

"గుర్రుమంటోందమ్మా."

"మంచి కబురా, చెడ్డ కబురా?"

"గొంతు చూస్తే మంచిగా లేదే."

అంతే. మాణిక్యం తువ్వాలు తెచ్చి, కబురు బయటికి పోకుండా పొట్ట చుట్టూ బిగించి కట్టింది.

"ఆకలేస్తోందే అమ్మా" అంది పైడి.

"నువ్వు మాట్లాడకే. అది నీచేత చెప్పిస్తోంది."

పిల్ల మొహం ఎర్రగా కందిపోయేసరికి తువ్వాలు విప్పారు. ఇక మిగిలింది తలుపులు.

"ఒంట్లో తలుపులు మనకి అందవు కదమ్మా" అన్నాడు గవర్రాజు.

"ఇంట్లో తలుపుల్ని చూసి ఒంట్లోవి నేర్చుకుంటాయిరా" అంది సూరీడమ్మ.

ఇంటి తలుపుల బందులకి ఆముదం పోశారు. కిర్రుమనడం మానలేదు. ఇంకేముంది, గవర్రాజు గునపం తెచ్చి వీధి తలుపూ, పెరటి తలుపూ, ఆఖరికి బీరువా తలుపు కూడా పీకి పాకలో పడేశాడు. "ఇప్పుడు తట్టే పనే లేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మేకల మంద నేరుగా వంటింట్లోకి వచ్చింది. సున్నుండలు తినేసింది, పంచదార డబ్బా దొర్లించేసింది, బెల్లం నాకేసింది. మాణిక్యం చీపురెత్తింది.

"ఆగవే! వచ్చినవాటిని తరమకు. వీటిలో ఇన్సులిన్ ఏదో మనకేం తెలుసు?" అంది సూరీడమ్మ.

పెద్దవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. సున్నుండలు పోయిన పైడి మాత్రం ఊరుకోలేదు. కర్ర పట్టుకుని ఏటిగట్టు దాకా తరిమింది. అప్పట్నుంచీ తెల్లారితే ఆ పిల్లకి అదే పని. మేకలు, కోళ్ళు, పక్కింటి పెయ్యదూడ. కొత్తగా ఏ తీపి తెచ్చినా పైడికంటే ముందు మేకలకే అందేది.

వానలు వెలిశాయి. డాక్టరమ్మ వచ్చి మళ్ళీ రక్తం తీసుకెళ్ళింది. ఫలితం చెప్పేరోజున సూరీడమ్మ అందరికంటే ముందే వెళ్ళి కూర్చుంది.

"పాప ఇన్సులిన్ చక్కగా పనిచేస్తోంది మామ్మగారూ. తలుపులన్నీ ఇట్టే తెరిచేస్తోంది. ఏం చేశారు?"

"పీకేశామమ్మా."

డాక్టరమ్మ ఆవిడ వైపు చూసింది. కాగితం వైపు చూసింది. తర్వాతి పిల్లని పిలిచింది.

సూరీడమ్మ కళ్ళొత్తుకుంది. ఇంటికొచ్చి తలుపులన్నీ మళ్ళీ బిగించమంది. తర్వాత ఈ చల్లని కబురు ఊరంతా చెప్పాలని నలుగురూ బయల్దేరారు. గవర్రాజు వీధి తలుపుకి, చెవి లేకుండా నొక్కితేనే పడిపోయే తాళం వేశాడు. తాళంచెవి దారిలో ఎక్కడా పడిపోకుండా ముందే లోపల మేకుకి తగిలించాడు.

పొద్దువాలే వేళకి తిరిగొచ్చారు.

"తాళంచెవి ఏదండీ?" అంది మాణిక్యం.

"చెవెందుకే? తలుపులన్నీ ఇట్టే తెరిచేది పిల్ల ఒంట్లోనే ఉంటే!" అంది సూరీడమ్మ.

గవర్రాజు పైడిని ఎత్తి, పొట్ట తలుపుకి ఆనేలా పట్టుకున్నాడు. ఊరంతా తిరిగిన ఆకలికి పిల్ల పొట్ట గుర్రుమంది.

"అదిగో, తడుతోంది!" అంది సూరీడమ్మ.

గవర్రాజు గొంతు సవరించుకుని, "ఎవరూ?" అని కేకేశాడు.

తర్వాత అందరూ అరుగు మీద కూర్చుని, లోపల్నుంచి ఎవరో ఒకరు వచ్చి తీస్తారని ఎదురుచూశారు.